కిడ్నీ కణాలు పెరిగినాయా, నడిచినాయా? గీత గీసి చూడండి

ప్లేట్లో కణాల మధ్య గీసిన గీత పూడితే, అవి పెరిగి పూడ్చినాయా, నడిచి పూడ్చినాయా? అనంతపురంలో ఎమ్మెస్సీ చేసే మన పిల్లోల్లు తడబడేది ఈడే, అందుకే రాస్తున్నా. పీఐ3కే అనే ఎంజైమ్ కణం పొరలోని పిప్2 అనే కొవ్వుకి ఇంకో ఫాస్ఫేట్ తగిలించి పిప్3 చేస్తాది, ఆ పిప్3 ఏకేటీ అనే ప్రోటీన్‌ని పొర దగ్గరికి పిలిచి కణాన్ని పెరగమంటాది, కణం ముందు అంచున చేరి కదలమంటాది, పీటెన్ అనే ఇంకో ఎంజైమ్ వచ్చి ఆ పిప్3ని మళ్లీ పిప్2 చేసేస్తాది.

ఎండీసీకే కణాలు, అంటే కుక్క కిడ్నీవి, ప్లేటు నిండా పరుచుకున్నాక 200 మైక్రోలీటర్ టిప్పుతో శనక్కాయ చేన్లో సాలు తోలినట్టు ఒకే గీత గీయండి, చెయ్యి వణికితే అంచు చింపిరైపోయి కొలత తప్పుతాది. పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో కడగండి. ఇట్లాంటి ప్లేట్లు రెండు పెట్టి, ఒకదాంట్లో పీఐ3కేని ఆపే మందు ఎల్‌వై294002, పోల్చేదానికి ఇంకోదాంట్లో ఆ మందుని కరిగించే డీఎంఎస్‌ఓ ఒక్కటే అంతే వేయండి. 0, 12, 24 గంటలకి అదే చోట ఫోటో తీయండి.

గీత పూడితే కణాలు నడిచే పూడిందనుకోవద్దు, కణ విభజన వల్ల కూడా పూడుతాది, అందుకే ముందే మైటోమైసిన్ సి వేసి విభజన ఆపాలి, అది విషం, గ్లౌజులు తప్పనిసరి. పెరుగుదలకి వేరే ప్లేటు పెట్టి కణాలు లెక్కపెట్టండి.