చిన్న లగ్జరీ క్రూయిజ్ కుర్ర జంటకు నచ్చుతుందా? టైమ్‌టేబుల్ చూస్తే తెలిసిపోతుంది

"చిన్న షిప్ అంటే అంతా రిటైరైనవాళ్లే ఉంటారేమో, మనకు తోచదేమో" అని బుక్ చేసే ముందు మా ఇద్దరికీ ఒకటే బెంగ. బ్రోచర్ ఫొటోలను నమ్ముకోకండి, వాటిలో అందరూ కుర్రాళ్లే! ప్రయాణం టైమ్‌టేబుల్ తెరవండి.

మొదట రాత్రులు లెక్కపెట్టండి. 7 లోపైతే సెలవు పెట్టి వచ్చే ఉద్యోగస్తులు ఎక్కువగా కనిపిస్తారు. 14 దాటితే ఎక్కువగా తీరికున్న పెద్దవాళ్లే.

తర్వాత, ఇదే అసలు సంగతి, ఒక్కో రేవు నుంచి షిప్ ఎన్నింటికి కదులుతుందో చూడండి. సాయంత్రం 5కే కదిలితే రాత్రంతా షిప్‌లోనే గడపాలి. అక్కడ చాలావరకు ఒక బార్, కాస్త పియానో, అంతే. వారంలో కనీసం రెండు చోట్ల రాత్రి 10 దాటేదాకానో, తెల్లారేదాకానో ఆగుతుంటే భోజనం, షికారు ఊళ్లోనే కానిచ్చేయొచ్చు. రోజంతా నీళ్ల మీదే ఉండే రోజులు ఒకటికి మించకపోతే మేలు.

ఒక్క మాట: వాతావరణం బాగోకపోతే కెప్టెన్ రేవునే మార్చేయొచ్చు, అప్పుడు ఈ లెక్కలన్నీ తారుమారు. రోజూ డీజే, డాన్సు కావాలనుకుంటే మాత్రం పెద్ద షిప్పే ఎక్కండి.