పాత బ్రిటిష్ టీవీ కామెడీని ఇవాళ చూసి తూకం వేయడం ఎలా

బెన్నీ హిల్, మోర్కంబ్–వైజ్ జంట, టామీ కూపర్, లెస్ డాసన్: 1970లలో బ్రిటన్‌లో ఇంటింటికీ తెలిసిన టీవీ కమెడియన్ల పేర్లు. వీళ్లలో కూపర్‌కి వేల్స్‌లోని కేర్ఫిల్లీలో 2008లో విగ్రహం పెట్టారు. ఎరిక్ మోర్కంబ్ విగ్రహాన్ని 1999లో సాక్షాత్తూ రాణిగారే ఆవిష్కరించారు. బెన్నీ హిల్ పేరెత్తితే మాత్రం వాదన మొదలవుతుంది. అదే కాలపు క్లబ్ కమెడియన్ బెర్నార్డ్ మానింగ్ జాతి వివక్ష జోకులకు ఉదాహరణగా మిగిలిపోయాడు. ఇంత తేడా ఎందుకొచ్చింది? "కాలం మారింది" అని సరిపెట్టుకుంటే అర్థం కాదు, కాలం అందరికీ ఒకేలా మారింది కదా. ఎపిసోడ్ పెట్టుకుని, కాగితం, కలం దగ్గర ఉంచుకుని, ఏ జోకుకా జోకు విడిగా చూడాలి.

ముందు పూర్తి ఎపిసోడ్ సంపాదించండి

మూడు నిమిషాల క్లిప్పులతో మొదలుపెట్టకండి. క్లిప్పు కత్తిరించేవాళ్లు నవ్వొచ్చే చోట మొదలుపెట్టి, నవ్వు ఆగకముందే ఆపేస్తారు. జోకుకి ముందు ఎవరు ఎవరిని ఏమన్నారో, చివరికి ఎవరు నెగ్గారో ఎగిరిపోతుంది. తూకానికి కావలసినవి సరిగ్గా ఆ రెండే.

దొరికింది పూర్తిదో కాదో నిడివి చూసి పట్టుకోవచ్చు. బీబీసీలో ప్రకటనలు ఉండవు కాబట్టి అరగంట సీరియల్ దాదాపు 30 నిమిషాలుంటుంది. ప్రకటనలు వేసే ప్రైవేటు చానెల్ ఐటీవీలో అవి పోగా 25 నిమిషాలు. బీబీసీ ఎపిసోడ్ 22 నిమిషాలకే అయిపోతే ఎక్కడో కత్తెర పడినట్టే. బెన్నీ హిల్ విషయంలో ఇది మరీ ముఖ్యం. 1969 నుంచి 1989 దాకా ఐటీవీకి థేమ్స్ టెలివిజన్ తీసిన కార్యక్రమం గంట స్లాటుది, ప్రకటనలు తీసేస్తే 50 నిమిషాలు. 1979 నుంచి అమెరికాలో వేసినవి వాటిని కోసి అతికిన అరగంట ముక్కలు. వాటిలో పరుగులు, చెంపదెబ్బలు దండిగా మిగిలాయి. హిల్ రాసి పాడిన పాటలు, మాటల గారడీ బాగా తగ్గిపోయాయి. ఆ ముక్కలు చూసి అతని మీద తీర్పు చెప్పడం అన్యాయం. అలాగని పూర్తి ఎపిసోడ్ చూస్తే అంతా మాఫీ అయిపోదు, ఆ సంగతి కింద వస్తుంది.

బొమ్మ అడ్డంగా సాగినట్టుంటే వీఎల్‌సీ వీడియో ప్లేయర్‌లో కీబోర్డు మీద A నొక్కుతూ పోయి 4:3 దగ్గర ఆపండి. ముఖకవళికల మీద నడిచే కామెడీకి సాగిన ముఖం పెద్ద దెబ్బ. గదిలో తీసిన దృశ్యాలు నున్నగా, బయట తీసినవి మసకగా కనిపిస్తే కాపీ పాడైందనుకోకండి. లోపల వీడియో టేపు, బయట ఫిల్మ్ వాడేవారు.

రెండు విడతలు చూడండి

మొదటిసారి ఆపకుండా చూడాలి. కాగితం మీద రెండు గళ్లు గీసి, స్టూడియోలో జనం గట్టిగా నవ్విన నిమిషం ఒకదాంట్లో, మీరు నవ్విన నిమిషం రెండోదాంట్లో వేయండి. ఎపిసోడ్‌కి పది గుర్తులు చాలు. ఆ నవ్వులన్నీ డబ్బాలోంచి తీసి అతికినవి అనుకోవడం పొరపాటు. ఈ కార్యక్రమాలు ఎక్కువగా స్టూడియోలో ప్రేక్షకుల ముందే తీశారు, బయట తీసిన ముక్కలు వాళ్లకి తెర మీద చూపించి నవ్వు రికార్డు చేసేవారు. అది నిజమైన నవ్వే. కాకపోతే ఆ గదిలో కూర్చున్నవాళ్ల నవ్వు, దేశం మొత్తం నవ్వు కాదు.

రెండోసారి గుర్తు పెట్టిన చోట్లకే వెళ్లండి, కాని అరనిమిషం ముందు నుంచి మొదలుపెట్టండి. బెన్నీ హిల్ అయితే శబ్దం ఆపి చూడండి. సాక్సఫోన్ సంగీతం పోయేసరికి ఒళ్లు వంచి చేసిన మూకాభినయం ఎంత, అమ్మాయిల ఒంటి మీద కెమెరా ఆగిన క్షణాలెన్ని, రెండూ విడివిడిగా కనిపిస్తాయి. ఆ స్కెచ్‌లో ఆడవాళ్లకి పేరుందా, ఒక్క మాటైనా ఉందా అన్నది రాసుకోండి. చివరి పరుగులో అందరూ తరిమేది హిల్‌నే, ఓడిపోయేది అతనే అని అభిమానులు చెప్పేది నిజమే. పేరూ మాటా లేని ఆడవాళ్ల లెక్క కూడా నిజమే. రెండూ కాగితం మీద ఉండాలి.

దెబ్బ ఎవరికి తగులుతోంది

గుర్తు పెట్టిన ప్రతి జోకు పక్కన, దెబ్బ తిన్నదెవరో ఒక్క మాటలో రాయండి. తేలిగ్గా తేలేది మోర్కంబ్–వైజ్‌ది. 1971 క్రిస్మస్ కార్యక్రమంలో ఆర్కెస్ట్రా నడిపే ఆండ్రే ప్రెవిన్ ముందు, గ్రీగ్ రాసిన పియానో కచేరీని ఎరిక్ వాయిస్తూ చెడగొడతాడు. తప్పు వాయించావని ప్రెవిన్ అంటే ఆయన కోటు పట్టుకుని, స్వరాలన్నీ సరైనవే, వరుసే కాస్త అటూ ఇటూ అయిందని దబాయిస్తాడు. దెబ్బ తిన్నది ఎరిక్ గొప్పలే. యాభై ఏళ్లు దాటినా ఆ స్కెచ్ నిలబడటానికి కారణం అదే.

చిక్కు వచ్చేది ఒక హోటల్ చుట్టూ నడిచే బీబీసీ సీరియల్ ఫాల్టీ టవర్స్ లాంటి చోట. 1975లో వచ్చిన జర్మన్ల ఎపిసోడ్‌లో, హోటల్లో ఉండే ముసలి మేజర్ ఓవల్ మైదానానికి ఒకావిడని భారత్ మ్యాచ్‌కి తీసుకెళ్లిన సంగతి చెబుతూ భారతీయులనీ వెస్టిండీస్ వాళ్లనీ నీచమైన పేర్లతో పిలుస్తాడు. ఇక్కడ నవ్వు మేజర్ మీద: కాలం చెల్లిన, మతి తప్పిన సామ్రాజ్యపు మనిషి. కాని ఆ మాట వినేవాళ్ల చెవిలో మాటగానే పడుతుంది. అందుకే కాగితం మీద "గురి: మేజర్" అని ఒక గడిలో, "గాయం: మనవాళ్లు" అని మరో గడిలో రాయండి. 2020 జూన్‌లో యూకేటీవీ అనే చానెళ్ల సంస్థ ఈ ఎపిసోడ్‌ని తన స్ట్రీమింగ్ నుంచి తీసి, కొద్ది రోజుల్లోనే హెచ్చరిక చేర్చి మళ్లీ పెట్టడానికి కారణం ఈ రెండు గడులే.

యాస జోకులకి ఇంకో పరీక్ష ఉంది. వేర్వేరు దేశాలవాళ్లు ఇంగ్లిష్ నేర్చుకునే తరగతి కథ, మన దగ్గర యూట్యూబ్‌లో చాలామంది చూసే మైండ్ యువర్ లాంగ్వేజ్‌ని (1977–79) తీసుకోండి. ఒక డైలాగుని యాస తీసేసి, మామూలు ఉచ్చారణలో పైకి చదవండి. టీచరు ప్రశ్నని అక్షరాలా అర్థం చేసుకోవడం వల్ల పుట్టిన జోకైతే ఇంకా నవ్వొస్తుంది. రాకపోతే నవ్వించింది యాసే. తెలుగు సినిమాల్లో తెలంగాణ యాస, శ్రీకాకుళం యాస రౌడీలకీ కమెడియన్లకే పెట్టిన రోజులు గుర్తున్నవాళ్లకి ఈ పరీక్ష ఎందుకో వివరించనక్కర్లేదు.

ముఖానికి రంగు పూసుకున్న పాత్రలకి యాస పరీక్ష చాలదు. 1974–81 మధ్య వచ్చిన ఇట్ ఏన్ట్ హాఫ్ హాట్ మమ్ కథ మహారాష్ట్రలోని దేవలాలి సైనిక శిబిరంలో మొదలవుతుంది. అందులో రంగీరామ్‌గా వేసిన మైకేల్ బేట్స్ ఝాన్సీలో పుట్టినవాడే, అయినా తెల్లవాడు, ముఖానికి గోధుమరంగు పూసుకున్నాడు. తగిన భారతీయ నటులు అప్పట్లో దొరకలేదన్న సమర్థన వింటారు. అదే సీరియల్‌లో చాయ్‌వాలాగా డినో షఫీక్ ఉన్నాడు, తర్వాత మైండ్ యువర్ లాంగ్వేజ్‌లో అలీ నదీమ్ కూడా ఆయనే. నటులు లేక కాదు, పెద్ద పాత్ర వాళ్ల చేతికి రాలేదని రాసుకోండి.

మనకి అర్థం కాని జోకుని చెడ్డ జోకు అనేయడం ఇంకో పొరపాటు. లెస్ డాసన్ అత్తగారి జోకులు తీసుకోండి. మనకి తెలిసింది అత్తాకోడళ్ల పోరు. అక్కడి జోకు అల్లుడికీ భార్య తల్లికీ మధ్య. అత్తింట్లో అల్లుడికి మర్యాదలు జరిగే ఊళ్లనుంచి వచ్చిన మనకి ఆ కోపం ఎక్కడిదో వెంటనే అందదు. అదే డాసన్, రాయ్ బారక్లఫ్‌తో కలిసి ఆడవేషం కట్టి సిస్సీ, ఏడా అని ఇద్దరు ముచ్చట్ల మనుషుల్ని చేసేవాడు. ఒంటి జబ్బుల మాట వచ్చేసరికి గొంతు ఆగిపోయి పెదాలు మాత్రమే కదులుతాయి. లాంకషైర్ మిల్లుల్లో మగ్గాల హోరులో మాట వినపడక ఆడవాళ్లు పెదాలతో మాట్లాడుకునే అలవాటు అది. తెలియకపోతే ఆడవాళ్లని వెక్కిరించినట్టుంటుంది. తెలిస్తే ఆ శ్రామిక స్త్రీల మీద ఎంత శ్రద్ధగా కన్నేశాడో కనిపిస్తుంది.

తేదీలు పక్కన పెట్టుకోండి

"అప్పట్లో ఎవరూ తప్పనుకోలేదు" అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఇది తప్పు. ముఖానికి నల్లరంగు పూసుకుని పాడే బ్లాక్ అండ్ వైట్ మిన్‌స్ట్రెల్ షో 1958లో బీబీసీలో మొదలైంది. దాన్ని ఆపమని జాతి వివక్ష వ్యతిరేక సంస్థ ఒకటి 1967లోనే అర్జీ పెట్టింది. అది ఆగింది 1978లో. పదకొండేళ్లు చెప్పినా వినలేదు. ఎపిసోడ్ తేదీ రాసేటప్పుడు ఈ సంవత్సరాలు పక్కన వేసుకోండి: జాతి వివక్షపై మొదటి చట్టం 1965, వలసలకు వ్యతిరేకంగా ఎంపీ ఇనాక్ పవెల్ చేసిన ప్రసంగం 1968 ఏప్రిల్, మరింత గట్టి చట్టం 1976, లండన్‌లో కామెడీ స్టోర్ అనే హాస్య క్లబ్ తెరిచింది 1979 మే. ఈ చివరిదాన్నుంచి వచ్చిన కుర్రకారే ఆడవాళ్ల మీద, జాతుల మీద జోకులు వేయబోమని పట్టుబట్టి కొత్త హాస్యం తెచ్చారు.

ఆగిపోవడానికి కారణాలు కలిపేయకండి. 1989లో థేమ్స్ బెన్నీ హిల్‌ని తప్పించినప్పుడు విమర్శ ఉన్నమాట నిజమే, చూసేవాళ్లు తగ్గడం, ఖర్చు పెరగడం కూడా ఉన్నాయి. మళ్లీ ప్రసారం చేయకపోవడం వేరు, స్ట్రీమింగ్ నుంచి తీయడం వేరు, హెచ్చరికతో వేయడం వేరు. వీటన్నిటికీ "నిషేధించారు" అని రాయకండి.

నలుగురితో చూస్తే

మైండ్ యువర్ లాంగ్వేజ్ ఒక ఎపిసోడ్, వెంటనే గుడ్‌నెస్ గ్రేషస్ మీలో ఇంగ్లిష్ రెస్టారెంట్ స్కెచ్ పెట్టండి. 1998లో బీబీసీలో వచ్చిన ఈ కార్యక్రమంలో బ్రిటిష్ ఆసియా నటులు అచ్చం తాగొచ్చిన తెల్లవాళ్లలా ఇంగ్లిష్ హోటల్‌కెళ్లి, వెయిటర్ పేరు తప్పుగా పలుకుతూ, ఉన్నవాటిలో అన్నిటికంటే చప్పనిది తెమ్మంటారు. ఇద్దరు ముగ్గురు తరాలవాళ్లు కూర్చుంటే, బ్రిటన్‌లో బడికెళ్లే పిల్లల్ని "నీకు బాధేసిందా" అని ముందే అడగకండి, మొహమాటానికి లేదంటారు. అందరి చేతా కాగితాలు నింపించి, పది నిమిషాలు మాట్లాడుకుని, అప్పుడు మొదటి ఎపిసోడ్‌కి వేసిన గుర్తులు మళ్లీ చూసుకోమనండి. మార్చాలనిపిస్తే పాతది కొట్టేయకుండా పక్కనే కొత్తది రాయాలి.