నో పార్కింగ్ చలానా అన్యాయంగా పడిందా? కట్టే ముందు ఫొటో చూడండి

చలానా మెసేజ్ రాగానే పీడ వదులుతుందని కట్టేస్తారు చాలామంది. కట్టారంటే తప్పు ఒప్పుకున్నట్టే, తర్వాత ఎంత మొత్తుకున్నా లాభం ఉండదు. ముందు తెలంగాణ పోలీసుల ఈ-చలానా సైట్‌లో బండి నంబరు కొట్టి ఫొటో తెరవండి.

మెసేజ్‌తో పాటు ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) వచ్చిందా?
అది మోసం, నొక్కకండి. అసలు సైట్ అడ్రస్ గవ్ డాట్ ఇన్‌తో ముగుస్తుంది. ఇప్పటికే డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఫొటోలో ఉన్నది మీ బండి కాదా?
నంబరు ఎక్కించేటప్పుడు ఒక అంకె తప్పు కొట్టి ఉండొచ్చు, లేదా ఎవడో మీ నంబరే తన ప్లేటు మీద రాయించుకుని తిరుగుతూ ఉండొచ్చు. రెండోదైతే జరిమానా చిన్నదని అస్సలు వదిలేయొద్దు, రేపు ఆ బండితో యాక్సిడెంటో గొలుసు దొంగతనమో జరిగితే పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే. మీ బండిని ముందు, వెనుక, పక్కల నుంచి ఫొటోలు తీసి, ఆర్సీ కాపీ, చలానా కాపీ జతచేసి, రంగు, మోడల్, స్టిక్కర్లు ఎక్కడెక్కడ తేడా ఉన్నాయో వరసగా రాసి ట్రాఫిక్ పోలీసులకివ్వండి. దొంగ నంబరు ప్లేటు గురించి మీ ఏరియా స్టేషన్‌లో వేరే ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

అమ్మేసిన బండి మీద పడిందా?
ఆర్సీ ఇంకా మీ పేరునే ఉంది, అదీ కారణం. బండి అప్పగించిన తేదీ, సంతకాలున్న కాగితం ట్రాఫిక్ పోలీసులకు చూపించి అడగండి, ఆర్టీఏ ఆఫీసులో బండి బదిలీకి వాడే ఫారం 29, 30 పెట్టి పేరు మార్పించండి.

అక్కడ బోర్డే లేదా?
ఎక్కువమంది వాదన వీగిపోయేది ఇక్కడే. ఫుట్‌పాత్, బస్టాప్, జీబ్రా క్రాసింగ్, స్కూలు, ఆస్పత్రి గేటు దగ్గర బోర్డు లేకపోయినా ఆపకూడదు. మామూలు రోడ్డయితే, బోర్డు లేకున్నా, కొమ్మల చాటున కనబడకున్నా, ఆ రోజే బండి వచ్చే వైపు నుంచి ఆపకుండా వీడియో తీయండి.

టో చేసి తీసుకెళ్లారా?
మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం, యూనిఫాంలో ఉన్న ఆ పరిధి పోలీసు అధికారి అనుమతితోనే తీయాలి. క్రేన్ కుర్రాళ్లే ఎత్తుకెళ్తుంటే వీడియో తీయండి, డబ్బు కడితే రసీదు అడగండి.

ఫిర్యాదు కొట్టేశారా?
అక్కడికక్కడ కట్టి తీరాలని లేదు, కోర్టులో తేల్చుకుంటానని చెప్పొచ్చు. దానికి ఒక రోజు పని పోతుంది, అయినా మీ దగ్గర ఫొటోలుంటే వెళ్లండి. లోక్ అదాలత్ అయినా, 2022, 2023లో తెలంగాణలో పాత చలానాల మీద ఇచ్చినటువంటి డిస్కౌంట్లయినా తగ్గించి కట్టించుకోవడానికే, తప్పు చేయలేదని తేల్చడానికి పనికిరావు.