కీమో రోజుల్లో చీనీ రసం
మా అమ్మకు క్యాన్సర్‌కు కీమో నడిచిన ఆరు నెలలూ అనంతపురంలోని మా ఇంట్లో చీనీ (బత్తాయి) కాయలకు కరువు లేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఒక సంచి తెచ్చేవారు. మీ ఇంట్లో ఎవరికైనా కీమో జరుగుతుంటే బయట బండి మీది రసం వద్దు, ఐసు అసలే వద్దు. కీమో తర్వాత రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు తగ్గిపోతాయి. మనల్ని ఏమీ చేయని నీళ్ళే వాళ్ళను ఆసుపత్రి పాలు చేయొచ్చు. ఇంట్లోనే తీయండి. కాయను తొక్క తీయకముందే పారే నీళ్ళ కింద రుద్ది కడగాలి, లేదంటే తొక్క మీది మురికి కత్తితోపాటు లోపలికి పోతుంది. జ్యూసర్ జాలీని వాడిన వెంటనే వేడినీళ్ళతో తోమండి. పిండిన రసం అప్పుడే తాగించాలి.

నోరు పూసినప్పుడు చీనీ, దానిమ్మ మంట పెడతాయి. అప్పుడు క్యారెట్ ఉడికించి, మిక్సీ పట్టి, కాచి చల్లార్చిన నీళ్ళు కలిపి ఇచ్చేదాన్ని. పంపరపనస కొన్ని మందులతో పడదు, డాక్టర్‌ను అడగండి. స్టెరాయిడ్ ఇచ్చే రోజుల్లో షుగర్ పెరగొచ్చు, చిన్న గ్లాసు చాలు. రసం మందుకు బదులు కాదు, అన్నానికీ కాదు. దాంతోనే కడుపు నిండితే గుడ్డు, పప్పు తినలేరు. అందుకే అమ్మకు భోజనమైన గంట తర్వాతే ఇచ్చేదాన్ని.