గుడ్ల పెట్టెలో నాచు: కర్నూలు, అనంతపురం, కడప ఎండల్లో వచ్చే చిక్కులు, వాటి విరుగుడు

పాము గుడ్లు పెట్టే పెట్టెలోనూ, ఆ గుడ్లను పొదిగించే డబ్బాలోనూ చెమ్మ నిలవడానికి నాచు వేస్తారు. ఇది ఇళ్ళలో పెంచే కార్న్ స్నేక్, బాల్ పైథాన్ లాంటి విదేశీ పాముల గుడ్లకు సంబంధించింది. నక్షత్ర తాబేలు, ఉడుము, మన కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. వాటిని ఇంట్లో పెంచడం నేరం. బాల్ పైథాన్ ఉన్నవాళ్ళు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, పిల్లలు పుట్టినప్పుడూ తెలియజేయాలి.

మన జిల్లాల్లో నాచు పాడైందంటే తప్పు చాలావరకు బోరు నీళ్ళది, పొడిగాలిది. నాచు మార్చేముందు ఆ రెండూ చూడండి.

నాచు వేసిన కొద్దిరోజులకే పురుగులు, బురద వాసన

బావి మెట్ల మీద, గోడల మీద గీకి తెచ్చిన నాచుతో వచ్చే బాధ ఇది. అది పొట్టిగా ఉంటుంది, అడుగున మట్టి పట్టుకుని వస్తుంది, నీటిని ఎక్కువసేపు నిలపలేదు. చేల పక్కదైతే శెనక్కాయకు కొట్టిన మందు కూడా దాంట్లో ఉండొచ్చు. నల్లమల, లంకమల అభయారణ్యాల నుంచి తేవడం చట్టవిరుద్ధం, ఆ ఆలోచనే పెట్టుకోవద్దు.

ఆర్కిడ్ మొక్కల కోసం నర్సరీల్లో అమ్మే ఎండు స్పాగ్నమ్ నాచు కొనండి. పొడుగు పోగులు, లేత గోధుమ రంగు ఉండాలి. ఎరువు కలిపింది వద్దు. ముదురు పచ్చగా మెరిసేది అలంకరణకు రంగు వేసింది కావచ్చు. గుప్పెడు తీసి తెల్ల గిన్నెలో వేడినీళ్ళు పోయండి. నీళ్ళు ఆకుపచ్చగా మారితే తిరిగి ఇచ్చేయండి. లేత టీ రంగు వస్తే భయం లేదు, అది నాచు సహజ రంగు.

తయారీకి ముందు గ్లవ్స్, మాస్క్ వేసుకోండి. స్పాగ్నమ్‌లో ఉండే ఒక బూజు చేతి గాయాల్లోంచి లోపలికి పోయి స్పోరోట్రైకోసిస్ అనే చర్మవ్యాధి తెస్తుంది. 100 గ్రాముల ఎండు నాచు మీద మరిగిన నీళ్ళు పోసి, మూతపెట్టి అరగంట ఉంచండి. పొయ్యి మీద పెట్టి ఉడికించొద్దు, పోగులు చితికి ముద్దవుతాయి. చల్లారాక పిండి, ఆర్వో నీళ్ళలో రెండుసార్లు జాడించండి. మళ్ళీ పిడికిట్లో గట్టిగా పిండండి. ఇంకా పిండినా చుక్క కారకూడదు, విప్పి చూస్తే చేతికి చెమ్మ తగలాలి.

నాచు కొసల మీద తెల్లటి పొర

చాలామంది దీన్ని బూజు అనుకుని నాచు పారేస్తారు. వేలితో రుద్దితే గరగరలాడితే అది ఉప్పు. బోరు నీళ్ళు ఆవిరైనప్పుడల్లా సున్నం, లవణాలు మిగిలిపోయి పేరుకుంటాయి. ఆర్వో నీళ్ళు గానీ, శుభ్రంగా పట్టిన వాననీళ్ళు గానీ వాడండి. కొబ్బరిపొట్టు కలిపేవాళ్ళు దాన్ని కూడా మూడు నాలుగు నీళ్ళలో కడగాలి, అందులోనూ ఉప్పు ఉంటుంది.

పొద్దున తడిపితే సాయంత్రానికి ఎండిపోతోంది

ఏప్రిల్, మే నెలల్లో తప్పనిసరిగా ఎదురయ్యే చిక్కు. మూతకు రంధ్రాలు ఎక్కువైనా, కూలర్ గాలి నేరుగా తగిలినా, కింద హీట్ మ్యాట్ పెట్టినా ఇంతే. 5 లీటర్ల డబ్బాకు నాలుగైదు చిన్న రంధ్రాలు చాలు. అడుగున 5 సెంటీమీటర్ల మందాన వర్మిక్యులైట్ (నీటిని పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు గుల్లలు) వేయండి. దానికి నీళ్ళు సమాన బరువులో కలపాలి, అంటే 300 గ్రాములకు 300 గ్రాములు. గుడ్ల మీద నాచు వదులుగా కప్పండి.

తడి ఉందో లేదో చూపుతో తేలదు. గుడ్లు పెట్టిన రోజే డబ్బా మొత్తం తూచి మూత మీద రాసుకోండి. వారానికోసారి తూచండి. తగ్గిన ప్రతి గ్రాముకు ఒక మిల్లీలీటరు గోరువెచ్చని నీళ్ళు డబ్బా అంచుల వెంట పోయండి, గుడ్ల మీద కాదు. గుడ్డు తీసేస్తే కొత్త బరువు రాసుకోండి.

గుడ్ల మీద బూజు

నాచు మరీ తడిగా ఉంటే వస్తుంది. పిల్ల కట్టని గుడ్డు ఒకటి కుళ్ళుతున్నా దాని బూజు పక్కవాటికి పాకుతుంది. పసుపుపచ్చగా మారి, మెత్తబడి, కంపు కొట్టే గుడ్డును తేలిగ్గా ఊడి వస్తేనే తీయండి. పాము గుడ్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. లాగితే మంచి గుడ్డు పెంకు చిరుగుతుంది, అప్పుడు నష్టం రెండింతలు. తడి నాచు తీసి బాగా పిండింది మార్చండి. గట్టిగా ఉన్న గుడ్డు మీద కాస్త బూజు ఉన్నా పిల్ల మామూలుగానే రావచ్చు, తొందరపడి పారేయకండి.

గుడ్లు సొట్టబోయాయి

మొదటి వారాల్లో అయితే తడి చాలలేదని అర్థం. చెమ్మ నాచు గుడ్ల మీద కప్పితే రెండు మూడు రోజుల్లో తేరుకోవచ్చు. చివరి రెండు వారాల్లో సొట్టలు సహజం, అప్పుడు నీళ్ళు పెంచితే చెరుపే.

అన్నీ సరిగ్గా ఉన్నా గుడ్లు చచ్చిపోతున్నాయి

వేడి చూడండి. కార్న్ స్నేక్ గుడ్లకు 27 నుంచి 29 డిగ్రీలు కావాలి, సుమారు 60 రోజులు. బాల్ పైథాన్‌కు 31, 32. మే నెలలో మధ్యాహ్నం మన గదులు దీన్ని దాటిపోతాయి. వేడిచేయడం మాత్రమే తెలిసిన ఇంక్యుబేటర్ (గుడ్లు పొదిగించే పెట్టె) గదిని మించి చల్లబరచలేదు. ఏసీ గది గానీ, చల్లబరిచే ఇంక్యుబేటర్ గానీ కావాలి. థర్మామీటర్ మొన గుడ్ల పక్కనే పెట్టండి, డబ్బా బయట కాదు.

చీమలు, ఈగలు

పీట కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి. రంధ్రాలకు సన్న జాలీ అంటించండి. పురుగుల మందు, చీమల సుద్ద దగ్గరికే రానివ్వొద్దు. తెల్లగా ఉండి గెంతే చిన్న పురుగులు, స్ప్రింగ్‌టెయిళ్ళు, బూజును తింటాయి, వాటి జోలికి పోవద్దు.

ఆడపాము పెట్టెలోకి పోవడం లేదు

పెట్టె వెలుతురుగా ఉంది, లేదా నాచు చల్లగా, తడిగా ఉంది. లోపలికి వెలుగు రాని డబ్బా, పాము చుట్టుకునేంత చోటు, ఒక పక్క ద్వారం, 8 సెంటీమీటర్ల చెమ్మ నాచు ఉండాలి. గుడ్లకు ముందు కుబుసం విడిచిన రోజే పెట్టె సిద్ధం చేయండి. కార్న్ స్నేక్ ఆ తర్వాత వారం, రెండు వారాల్లో పెడుతుంది. వాడిన నాచును మరో పాము గుడ్లకు వాడొద్దు.