కార్తిక స్నానాలకు ముందు బీపీ ఉన్న స్త్రీలు తీసుకోవలసిన జాగ్రత్తలు

దీపావళి మరునాటి నుంచి నెల రోజుల పాటు తెల్లవారుజామున చన్నీటి తలస్నానాలు, సోమవారాల ఉపవాసాలు సాగుతాయి. చలి ముదిరేదీ అప్పుడే. చలికి చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. పైగా గుండెపోటు, పక్షవాతం మిగతా వేళల కంటే ఉదయం పూట ఎక్కువగా వస్తాయి. అందువల్ల బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవారు, ఇదివరకు ఒకసారి పక్షవాతం వచ్చి కోలుకున్నవారు ఈ నెలకు ముందే సిద్ధపడాలి.

మొదట బీపీ చూపించుకోవాలి. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, మాట్లాడకుండా చూపించుకుంటేనే అంకె సరిగా వస్తుంది. బిగుతైన జాకెట్టు చేతిని పైకి మడిచి, దాని కింద పట్టీ చుట్టించుకోవడం మన ఆడవాళ్లకు అలవాటు; ఆ మడత చేతిని నొక్కి లెక్క తప్పిస్తుంది. 140/90 గానీ అంతకు మించి గానీ పదే పదే కనిపిస్తే, కార్తికం అయ్యాక చూద్దామనుకోకుండా వైద్యుని కలవాలి. కడుపుతో ఉన్నప్పుడు బీపీ, షుగరు వచ్చి కాన్పుతో తగ్గిపోయినవారు, గుర్రపువాతం (గర్భిణులకు బీపీ పెరిగి వచ్చే మూర్ఛ) వచ్చినవారు ఆ సంగతిని, ఇరవై ఏళ్ల కిందటిదైనా సరే, తప్పక చెప్పాలి. అటువంటివారికి ఆ తరువాతి కాలంలో గుండె జబ్బు, పక్షవాతం ముప్పు ఎక్కువగా ఉంటుంది.

నా దృష్టిలో చన్నీళ్ల కంటే పెద్ద ప్రమాదం మానేసిన మాత్ర. నెలాఖరున మాత్రల షీటు తిప్పి చూస్తే, సోమవారాల మాత్రలు నాలుగూ దానిలోనే మిగిలి ఉంటాయి. బీపీ మాత్రను గుక్కెడు నీళ్లతో మింగితే వ్రతానికి వచ్చే లోటేమీ లేదు. షుగరు మందుల సంగతి వేరు: మాత్రో ఇన్సులినో తీసుకుని నక్షత్రాలు కనిపించే దాకా ఏమీ తినకపోతే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. కాబట్టి ఏ మందు ఎంత, ఏ వేళకు వేసుకోవాలో, అసలు ఉపవాసం ఉండవచ్చో లేదో వైద్యుని ముందే అడగాలి.

స్నానం తెల్లవారాక గోరువెచ్చని నీటితో చేయడం మేలు. ఏటికి వెళ్లక తప్పదనుకునేవారు ఒంటరిగా వెళ్లకూడదు. ఒక్కసారిగా మునగకుండా ముందు పాదాలు, చేతులు తడుపుకోవాలి. ఉపవాసం విడిచాక ఆవకాయ, అప్పడాలు మితంగా తినాలి. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా మించకూడదు.

స్త్రీలకు గుండెపోటు ప్రతిసారీ ఛాతీ పట్టుకుని కూలిపోయేటట్లే రాదు. దవడ, మెడ, వీపు నొప్పి, ఆయాసం, వాంతి వచ్చినట్లుండటం, చెమటలు, అకారణమైన నీరసంతో కూడా రావచ్చు. ఖాళీ కడుపు మీద ఇవి కనిపిస్తే ఇంట్లో అందరూ "గ్యాస్ పట్టింది" అని వాము నీళ్లు ఇస్తారు. ఆసుపత్రికి చేరవలసిన ఆ తొలి గంటే విలువైనది.

పక్షవాతం మరీ చప్పుడు లేకుండా వస్తుంది. ఒత్తి వెలిగిస్తుండగా చేతిలోని అగ్గిపెట్టె జారిపోవడం, మూతి ఒక పక్కకు లాగడం, మాట ముద్దగా రావడం, ఉన్నట్టుండి చూపు తగ్గడం దాని గుర్తులు. పది నిమిషాల్లో తగ్గిపోయినా 108కి ఫోన్ చేయవలసిందే. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి; ఆ లెక్క మనిషి చివరిసారి బాగున్న సమయం నుంచి మొదలవుతుంది గనుక, ఆ సమయాన్ని గుర్తుపెట్టుకుని వైద్యులకు చెప్పాలి. నోట్లో నీళ్లు పోయరాదు. పసరు వైద్యానికి తీసుకువెళ్లరాదు. మెదడులోని రక్తనాళం మూసుకుపోయిందో, చిట్లిందో సీటీ స్కాన్ చేస్తే గాని తెలియదు కాబట్టి ఆస్పిరిన్ కూడా సొంతంగా వేయరాదు.

రాత్రింబవళ్లు సీటీ స్కాన్ చేసే ఆసుపత్రి దగ్గరలో ఏది ఉందో ఇప్పుడే కనుక్కుని, దాని ఫోన్ నంబరును సోమవారాలు గుర్తు పెట్టుకున్న గోడ క్యాలెండరు మీదే పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలి.