ఎల్‌డాప్ సర్వర్‌లో సర్టిఫికెట్ తంటాలు: తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

నిన్నటిదాకా ఎల్‌డాప్ సర్వర్ (యూజర్ల వివరాలు ఉంచి లాగిన్‌లు సరిచూసే డైరెక్టరీ) మీద బాగా పనిచేసిన లాగిన్‌లు ఉన్నట్టుండి ఆగిపోతాయి. పరీక్షకని ఎల్‌డాప్‌సెర్చ్ కమాండ్ నడిపితే "కాంట్ కాంటాక్ట్ ఎల్‌డాప్ సర్వర్ (-1)" అని వస్తుంది. ఈ మాట నమ్మి ఫైర్‌వాల్ మీద పడకండి. 636 పోర్ట్‌లో (మొదటి నుంచీ ఎన్‌క్రిప్షన్ ఉండే ఎల్‌డాప్‌ఎస్) టీఎల్‌ఎస్, అంటే సర్టిఫికెట్ చూసి కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి, కుదరకపోయినా వచ్చేది ఇదే మెసేజ్. 389లో స్టార్ట్‌టీఎల్‌ఎస్ (మామూలు కనెక్షన్‌నే టీఎల్‌ఎస్‌కి మార్చడం) వాడుతుంటే అదే తప్పు "కనెక్ట్ ఎర్రర్ (-11)" అని కనిపిస్తుంది. కమాండ్‌కి -డి 1 తగిలించి మళ్లీ నడిపితే టీఎల్‌ఎస్ ఎక్కడ తెగిందో చివర్లో రాసి ఉంటుంది. స్టార్ట్‌టీఎల్‌ఎస్ పరీక్షకి మాత్రం పెద్ద జెడ్ రెండుసార్లు ఇవ్వాలి. ఒక్కసారే ఇస్తే టీఎల్‌ఎస్ విఫలమైనా కమాండ్ ముందుకు సాగిపోతుంది, అంతా బాగుందని మీరు అనుకుంటారు.

ఇక అసలు పని: సర్వర్ ఏ సర్టిఫికెట్ పంపుతోందో చూడటం. డిస్క్ మీద ఉన్న ఫైల్‌ని చూసి తేల్చుకోవద్దు. ఓపెన్‌ఎల్‌డాప్ (లైనక్స్‌లో వాడే ఎల్‌డాప్ సర్వర్) సర్టిఫికెట్‌ని మొదలయ్యేటప్పుడే చదువుకుంటుంది. ఫైల్ మార్చి రీస్టార్ట్ మర్చిపోతే పాతదే పంపుతూ ఉంటుంది. రెన్యూ చేశాక కూడా "గడువు తీరింది" అని వస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ టూల్‌లోని ఎస్-క్లయింట్ కమాండ్‌ని సర్వర్ పూర్తి పేరు, 636 పోర్ట్, షోసెర్ట్స్ ఆప్షన్‌తో నడపండి. 389 అయితే స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఆప్షన్‌కి ఎల్‌డాప్ అని ఇవ్వండి. మీ అప్లికేషన్ నమ్మే రూట్ (అన్నిటికంటే పైనున్న సీఏ, అంటే సర్టిఫికెట్ల మీద సంతకం చేసే సంస్థ) ఫైల్‌ని సీఏఫైల్ ఆప్షన్‌లో, సర్వర్ పేరుని వెరిఫై-హోస్ట్‌నేమ్ ఆప్షన్‌లో ఇవ్వడం మర్చిపోవద్దు. రెండోది ఇవ్వకపోతే పేరు తేడా ఉన్నా ఈ కమాండ్ పట్టించుకోదు.

వచ్చిన దాంట్లో సర్టిఫికెట్ చైన్ అనే భాగం ఇలా ఉంటుంది:

0 ఎస్: ఎల్‌డాప్1.ఎగ్జాంపుల్.కామ్
   ఐ: ఎగ్జాంపుల్ ఇష్యూయింగ్ సీఏ
1 ఎస్: ఎగ్జాంపుల్ ఇష్యూయింగ్ సీఏ
   ఐ: ఎగ్జాంపుల్ రూట్ సీఏ

"ఎస్" అంటే సర్టిఫికెట్ ఎవరిది, "ఐ" అంటే ఎవరు సంతకం చేశారు. పై దాని "ఐ", కింది దాని "ఎస్" అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. సున్నా నంబర్ ఒక్కటే కనిపించి ఆగిపోతే ఇంటర్మీడియెట్ (సర్వర్‌కీ రూట్‌కీ మధ్యనున్న సీఏ సర్టిఫికెట్) రావడం లేదన్నమాట. ఓపెన్‌ఎల్‌డాప్‌లో అయితే సీఏ సర్టిఫికెట్ ఫైల్‌లో, సంతకం చేసిన సీఏ నుంచి రూట్ దాకా మొత్తం వరుస ఉంచాలి.

చివర్లో ఉండే వెరిఫై రిటర్న్ కోడ్ సగం పని చేసిపెడుతుంది. 0 అయితే అంతా సరే. 10 గడువు తీరింది. 18 సర్టిఫికెట్ తన మీద తనే సంతకం చేసుకుంది. 19 వచ్చిందంటే చైన్ పూర్తిగానే ఉంది గానీ ఆ రూట్ మీ దగ్గర లేదు. 20, 21 చైన్ మధ్యలో తెగింది, లేదా సంతకం చేసిన సీఏ క్లయింట్‌కి తెలియదు. 62 పేరు కలవలేదు. కోడ్ 9 వస్తే సర్టిఫికెట్ చెల్లుబాటు ఇంకా మొదలవలేదని అర్థం, అప్పుడు రెండు వైపులా గడియారాలు చూడండి.

పేరు సమస్యకి మూలం ఎక్కువగా అప్లికేషన్ సెట్టింగ్‌లోనే ఉంటుంది. అక్కడ ఐపీ అడ్రస్ గానీ పొట్టి పేరు గానీ రాసి, సర్టిఫికెట్‌లో పూర్తి పేరు మాత్రమే ఉంటే కుదరదు. లోడ్ బ్యాలన్సర్ (రిక్వెస్ట్‌లని సర్వర్లకి పంచేది) వెనక ఉన్న సర్వర్లకైతే ఆ ఉమ్మడి పేరు కూడా ప్రతి సర్టిఫికెట్‌లోని సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్ (సర్టిఫికెట్ చెల్లే పేర్ల జాబితా)లో ఉండాలి. జావా 8 అప్‌డేట్ 181 నుంచి ఎల్‌డాప్‌ఎస్‌లో పేరు తనిఖీ డిఫాల్ట్‌గా జరుగుతోంది. జావా మార్చాక అప్లికేషన్ ఆగిపోతే ఈ కోణం చూడాలి. "పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్" అని వస్తే మాత్రం పేరుతో సంబంధం లేదు. ఆ అప్లికేషన్ వాడే ట్రస్ట్‌స్టోర్ (నమ్మే సీఏలు ఉండే ఫైల్)లోకి జావా కీటూల్‌తో సీఏని ఎక్కించాలి.

సర్వర్ అసలు సర్టిఫికెట్టే పంపకపోతే ప్రైవేట్ కీ వైపు చూడండి. సర్టిఫికెట్ నుంచి ఒకసారి, కీ నుంచి ఒకసారి పబ్లిక్ కీ తీసి పోల్చండి. రెండూ ఒకటి కాకపోతే వేరే సర్టిఫికెట్ రిక్వెస్ట్ తాలూకు కీ పెట్టినట్టే. కలిస్తే ఇక పర్మిషన్లు. డెబియన్, ఉబుంటుల్లో సర్వర్ ఓపెన్‌ఎల్‌డాప్ అనే యూజర్‌గా నడుస్తుంది, రెడ్ హ్యాట్ తరహాలో ఎల్‌డాప్ యూజర్‌గా. సూడోతో ఆ యూజర్‌గా మారి కీ ఫైల్‌ని క్యాట్ చేసి చూడండి, ఒక్క నిమిషంలో తేలిపోతుంది. ఫైల్‌కి 640 ఇచ్చినా పై ఫోల్డర్ మూసి ఉంటే లాభం లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ (ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే సీఏ) ఫైళ్లు ఉండే ఫోల్డర్లు రూట్‌కి తప్ప తెరుచుకోవు కాబట్టి, రెన్యూ అయిన ప్రతిసారీ ఫైళ్లని వేరే చోటికి కాపీ చేసి సర్వీస్‌ని రీస్టార్ట్ చేసే డిప్లాయ్ హుక్ పెట్టండి. ఉబుంటులో యాప్‌ఆర్మర్ (ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్ తెరవచ్చో నియంత్రించేది) కూడా అడ్డుపడవచ్చు. కీకి పాస్‌వర్డ్ ఉంటే ఓపెన్‌ఎల్‌డాప్ దాన్ని తెరవలేదు. సీఎన్=కాన్ఫిగ్ (ఓపెన్‌ఎల్‌డాప్ సెట్టింగ్‌లు ఉండే చోటు)లో సర్టిఫికెట్, కీ సెట్టింగ్‌లని విడివిడిగా మారిస్తే ఎర్రర్ 80 వస్తుంది, రెండూ ఒకే ఎల్‌డాప్‌మాడిఫైలో పంపండి.

మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీలో చూడాల్సినవి వేరు. సర్టిఫికెట్ లోకల్ కంప్యూటర్ తాలూకు పర్సనల్ స్టోర్‌లో, ప్రైవేట్ కీతో సహా ఉండాలి. డొమైన్ కంట్రోలర్ (యాక్టివ్ డైరెక్టరీ నడిచే సర్వర్) పూర్తి పేరు, సర్వర్ ఆథెంటికేషన్ వాడకం (1.3.6.1.5.5.7.3.1) అందులో ఉండాలి. డైరెక్టరీ సర్వీస్ లాగ్‌లో ఈవెంట్ 1220 ఉంటే తగిన సర్టిఫికెట్ దొరకలేదని, 1221 ఉంటే ఎల్‌డాప్‌ఎస్ సిద్ధమని. స్టోర్‌లో పనికొచ్చేవి రెండు మూడు ఉంటే మీరనుకున్నది కాక వేరేది ఎంచుకోవచ్చు. కావలసినదాన్ని ఎన్‌టీడీఎస్ సర్వీస్ స్టోర్‌లో పెడితే దానికే మొదటి ప్రాధాన్యం. ఆ తర్వాత ఎల్‌డీపీ టూల్‌తో 636కి ఎస్‌ఎస్‌ఎల్ పెట్టి కనెక్ట్ అయి చూడండి.

ఇంత వెతుకులాట ఎందుకని చాలామంది క్లయింట్‌లో సర్టిఫికెట్ తనిఖీ సెట్టింగ్ అయిన టీఎల్‌ఎస్_రెక్‌సెర్ట్‌ని "నెవర్" చేసేస్తారు. దయచేసి ఆ పని చేయవద్దు. బైండ్ (లాగిన్) అయ్యేటప్పుడు యూజర్ల పాస్‌వర్డ్‌లు ఆ దారినే వెళ్తాయి. మధ్యలో ఎవరు సర్వర్‌నని చెప్పుకున్నా వాళ్ల చేతికి అవి అందిపోతాయి. తప్పు సర్టిఫికెట్‌లోనే ఉందా అని తేల్చుకోవడానికి ఒక్క కమాండ్ ముందు ఎల్‌డాప్‌టీఎల్‌ఎస్_రెక్‌సెర్ట్‌ని వేరియబుల్‌గా "నెవర్" అని ఇస్తే చాలు. అప్పుడు కూడా బైండ్ చేయకుండా అనామకంగా వెతకండి.

సరిచేశాక ఒక్క సర్వర్‌తో ఆపేయకండి. ప్రతి రెప్లికా (డేటా నకలు ఉండే సర్వర్) మీదా అదే ఎస్-క్లయింట్ పరీక్ష జరపండి. రెప్లికేషన్ సర్టిఫికెట్‌తోనే లాగిన్ అయ్యేలా ఉంటే, సర్వర్ అక్కడ క్లయింట్ పాత్రలో ఉంటుంది. కాబట్టి ఆ సర్టిఫికెట్‌లో క్లయింట్ ఆథెంటికేషన్ (1.3.6.1.5.5.7.3.2) కూడా ఉందో లేదో చూడండి.